బుల్లెట్ బరువు చూసి బ్యారెల్ ట్విస్ట్ ఎంచుకుంటే ఎక్కడ తేడా కొడుతుంది?

క్లుప్తంగా: బ్యారెల్ ట్విస్ట్‌కు (తుపాకీ గొట్టం లోపలి గాడుల మెలికకు) లెక్కలోకి వచ్చేది ముందుగా బుల్లెట్ పొడవు, ఆ తర్వాతే బరువు. బరువు పెరిగితే మామూలుగా పొడవూ పెరుగుతుంది కాబట్టి వాడుకలో బరువే కొలమానమైపోయింది. ఒకే బరువున్న రెండు బుల్లెట్లలో ఒకటి సూటిగా వెళ్లి, ఇంకొకటి గాల్లో పల్టీలు కొట్టడానికి కారణం ఇదే. ట్విస్ట్ అవసరానికి మించితే నష్టం చిన్నది. అవసరానికి తగ్గితే ఆ బుల్లెట్ ఆ రైఫిల్‌లో పనికిరాదు.

అమెరికాలో ఏదైనా తుపాకుల దుకాణంలో .223 రెమింగ్టన్ తూటా కాల్చే రైఫిళ్లు మూడు పక్కపక్కన పెట్టి చూస్తే బ్యారెళ్ల మీద మూడు రకాల అంకెలు కనిపించవచ్చు: 1:12, 1:9, 1:7. తూటా (కేసు, మందు, బుల్లెట్ కలిసినది) ఒకటే, బోరు (గొట్టం లోపలి వ్యాసం) ఒకటే. అయినా 77 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ (పోటీ) బుల్లెట్‌తో వంద గజాల్లో కాలిస్తే మొదటి రైఫిల్ కాగితాన్ని అడ్డంగా చీలుస్తుంది. రెండోది ఎండాకాలంలో బాగానే కొట్టి, గడ్డకట్టే చలిలో అనుమానం పుట్టిస్తుంది. మూడోది ఏ కాలంలోనైనా గుండ్రటి రంధ్రాలే వేస్తుంది. కొత్తగా లాంగ్ రేంజ్‌లోకి దిగినవారికి దొరికే సలహా మాత్రం చాలాసార్లు "55కి ఇది, 62కి ఇది, 77కి ఇది" అనే బరువుల పట్టికే. సీసం బుల్లెట్లన్నీ ఇంచుమించు ఒకే ఆకారంలో వచ్చినన్నాళ్లు ఆ పట్టిక పని చేసింది. సన్నటి పొడవాటి మొన, ప్లాస్టిక్ టిప్, పూర్తి రాగి బుల్లెట్లు వచ్చాక అది తరచూ తప్పుతోంది.

మన దగ్గర షూటింగ్ రేంజ్‌ల్లో ఈ ప్రశ్న పెద్దగా వినిపించదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ పెల్లెట్ ఆకారమే దాన్ని నిలబెట్టడంలో సగం పని చేస్తుంది. 50 మీటర్ల పోటీల్లో వాడే .22 లాంగ్ రైఫిల్ బ్యారెళ్లు దాదాపు అన్నీ 1:16, బుల్లెట్లు దాదాపు అన్నీ 40 గ్రెయిన్లు. ఎంచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి తప్పు చేయడానికీ ఏమీ లేదు. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లి 600, 1,000 గజాల పోటీల్లో చేరిన తెలుగువారికి మాత్రం మొదటి రైఫిల్ కొనే రోజే ఈ అంకె ఎదురవుతుంది.

## అంకె చెప్పేది ఏమిటి

బ్యారెల్ లోపలి గాడులు మెలికలు తిరుగుతూ ముందుకు పోతాయి. 1:8 అంటే బుల్లెట్ 8 అంగుళాలు, అంటే 203 మిల్లీమీటర్లు, ముందుకు కదిలేసరికి ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. 1:12 అయితే ఆ చుట్టుకు 305 మిల్లీమీటర్లు పడుతుంది. అంకె చిన్నదైతే ట్విస్ట్ ఫాస్ట్, పెద్దదైతే స్లో. కొత్తవారు ఇక్కడే తారుమారవుతుంటారు.

నిమిషానికి ఎన్ని చుట్లో తెలుసుకోవడం తేలిక: సెకనుకు అడుగుల్లో ఉన్న వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్ అంగుళాలతో భాగించాలి. 2,800 అడుగుల వేగంతో 1:8 బ్యారెల్ దాటిన బుల్లెట్ నిమిషానికి 2,52,000 చుట్లు తిరుగుతుంది.

ఇంత తిప్పడం ఎందుకంటే, మొనదేలిన బుల్లెట్‌కు బరువు ఎక్కువగా వెనకభాగంలో ఉంటుంది, గాలి నెట్టుడు మాత్రం ముందుభాగం మీద పడుతుంది. ఈ రెండు బిందువుల మధ్య ఎడం ఉన్నంతవరకు గాలి దాన్ని తిరగేయాలనే చూస్తుంది. తిరుగుతున్న బొంగరం ఒరిగినట్టే ఒరిగి పడిపోకుండా నిలిచినట్టు, తిరుగుడు ఆ నెట్టుడుకు ఎదురు నిలుస్తుంది. బుల్లెట్ పొడవు పెరిగితే రెండు విధాలా దెబ్బ: గాలికి తిరగేసే పట్టు పెరుగుతుంది, నిలబెట్టడానికి కావాల్సిన తిరుగుడూ పెరుగుతుంది. బరువు పెరగడం నిజానికి స్థిరత్వానికి మేలే చేస్తుంది. అదే పొడవులో ఎక్కువ బరువు నింపగలిగితే బుల్లెట్ ఇంకా నిలకడగా వెళ్తుంది. బరువైన బుల్లెట్‌కు ఫాస్ట్ ట్విస్ట్ కావాలన్న మాట నిజమయ్యేది, ఆ బరువు పొడవు రూపంలో వచ్చినప్పుడే.

## ఒకే కంపెనీ, ఒకే 75 గ్రెయిన్లు

దీనికి హార్నడీ కంపెనీ .224 బుల్లెట్లు (.223 తూటాలో వాడే, 0.224 అంగుళం వ్యాసమున్నవి) మంచి ఉదాహరణ. ఆ కంపెనీ 75 గ్రెయిన్ల బోట్‌టెయిల్ (తోక సన్నబడిన) హాలో పాయింట్ (మొన దగ్గర బోలుగా ఉన్న) బుల్లెట్ పొడవు దాదాపు 0.98 అంగుళం. అదే కంపెనీ అదే 75 గ్రెయిన్లలో తెచ్చిన ప్లాస్టిక్ మొన ఏ-మ్యాక్స్ పొడవు దాదాపు 1.1 అంగుళం. తేడా మూడు మిల్లీమీటర్లు. మొదటిది 1:9 బ్యారెల్‌లో చక్కగా కొడుతుంది, రెండోదానికి 1:8 కావాలి. పెట్టె మీద బరువు మాత్రమే చూసి కొన్నవాడు రైఫిల్‌నో, స్కోప్‌నో, తన చేతినో అనుమానిస్తూ కూర్చుంటాడు.

దూరానికి పొడవాటి బుల్లెట్లు ఎందుకు కావాలన్నది వేరే సంగతి కాదు. సన్నగా పొడుగ్గా ఉన్న బుల్లెట్ గాలిని తేలిగ్గా కోస్తుంది. వేగం నెమ్మదిగా తగ్గుతుంది, అడ్డగాలికి తక్కువ జరుగుతుంది. 1,000 గజాల్లో గెలుపోటములు తేల్చేది అదే. అంటే దూరం పెరిగేకొద్దీ పొడవు కావాలి, పొడవు పెరిగేకొద్దీ ట్విస్ట్ కావాలి.

## లెక్క: గ్రీన్‌హిల్ నుంచి మిల్లర్ దాకా

ఇంగ్లండ్‌లోని వూల్‌విచ్‌లో ఫిరంగి అధికారులకు గణితం చెప్పిన ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. బుల్లెట్ వ్యాసాన్ని వర్గం చేసి 150తో గుణించి, పొడవుతో భాగిస్తే కావాల్సిన ట్విస్ట్ అంగుళాల్లో వస్తుంది. వేగం 2,800 అడుగులు దాటితే 150 బదులు 180 వాడతారు. ఆ సూత్రంలో బరువు అసలు కనిపించకపోవడం గమనించాల్సిన సంగతి. ఫిరంగి గుండ్ల కాలంలో పుట్టిన లెక్క కాబట్టి నేటి సన్నమొన బుల్లెట్లకు అది ఉజ్జాయింపే.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది డాన్ మిల్లర్ 2005లో ప్రచురించిన సూత్రం. అది ఇచ్చే ఫలితం ఒక అంకె, దాన్ని స్థిరత్వ గుణకం అనవచ్చు. 1 కంటే తక్కువైతే బుల్లెట్ పల్టీ కొడుతుంది. 1 నుంచి 1.3 దాకా ముప్పు అంచు. 1.5 దాటితే నిశ్చింత. మధ్యలో, అంటే 1.3 నుంచి 1.5 దాకా, రంధ్రాలు గుండ్రంగానే పడతాయి గానీ బుల్లెట్ కొద్దిగా ఊగుతూ పోతుంది కాబట్టి గాలి ఎక్కువ అడ్డుతుంది. బాలిస్టిక్స్ నిపుణుడు బ్రయాన్ లిట్జ్ చేసిన కొలతలు ఈ సంగతినే చూపించాయి: గుణకం 1.5 చేరేదాకా బుల్లెట్ తన పూర్తి బాలిస్టిక్ కోఎఫిషెంట్‌ను (గాలిని ఎంత తేలిగ్గా కోస్తుందో చెప్పే అంకెను) ఇవ్వదు. వంద గజాల్లో ఆ నష్టం కనిపించదు, 1,000 గజాల్లో బుల్లెట్ అనుకున్నదానికన్నా కిందపడి కనిపిస్తుంది.

సియెర్రా 77 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్‌ను 1:8 బ్యారెల్‌లో లెక్కవేసి చూద్దాం. వ్యాసం 0.224, పొడవు దాదాపు 0.995 అంగుళం. పొడవును వ్యాసంతో భాగిస్తే 4.44. దాని వర్గానికి 1 కలిపి, మళ్లీ 4.44తో గుణిస్తే దాదాపు 92. ట్విస్ట్ 8ని కూడా 0.224తో భాగిస్తే 35.7, దాని వర్గం 1,275. వ్యాసం ఘనం 0.01124. ఈ మూడింటి లబ్ధం 1,320. బరువును 30తో గుణిస్తే 2,310. దాన్ని 1,320తో భాగిస్తే 1.75.

ఇదే బుల్లెట్‌కు 1:7లో 2.29 వస్తుంది, 1:9లో 1.38, 1:10లో 1.12, 1:12లో 0.78. మొదట చెప్పిన మూడు రైఫిళ్ల తీరు ఈ అంకెల్లోనే ఉంది.

సూత్రం 2,800 అడుగుల వేగానికి రాసినది. వేరే వేగానికి, ఆ వేగాన్ని 2,800తో భాగించి ఘనమూలం తీసి గుణించాలి. ఘనమూలం అనడంలోనే అసలు విషయం ఉంది. వేగం 2,600 నుంచి 2,800కి పెరిగితే గుణకం రెండున్నర శాతం మాత్రమే పెరుగుతుంది. ట్విస్ట్ 1:9 నుంచి 1:8కి మారితే 27 శాతం పెరుగుతుంది. వేగంతో అంత లాభం రావాలంటే వేగం రెట్టింపు కావాలి. కాబట్టి నిలవని బుల్లెట్‌ను ఇంకాస్త మందు పోసి నిలబెడదామనే ప్రయత్నం వృథా, పైగా ప్రెషర్ పెరిగి ప్రమాదం. పొట్టి బ్యారెల్ వల్ల వేగం తగ్గి బుల్లెట్ నిలవదేమోనన్న భయమూ ఇదే లెక్కన చాలావరకు అనవసరం.

ప్లాస్టిక్ టిప్ ఉన్న బుల్లెట్లకు ఈ సూత్రం కాస్త ఎక్కువ భయపెడుతుంది. టిప్ పొడవులో లెక్కకొస్తుంది గానీ బరువేమీ లేనిది. మిల్లర్ తర్వాత మరొకరితో కలిసి టిప్ పొడవును విడిగా చూసే సవరణ ఇచ్చాడు. మంచి కాల్క్యులేటర్లలో దానికి ప్రత్యేక గడి ఉంటుంది. ఆ గడి లేని కాల్క్యులేటర్‌లో వచ్చిన 1.3ను నిజంగా 1.3 అనుకోనక్కర్లేదు.

## చలి బయటపెట్టిన లోపం

గాలి చిక్కగా ఉంటే గుణకం పడిపోతుంది. సెల్సియస్ ఉష్ణోగ్రతకు 273 కలిపి 288తో భాగిస్తే ఎంతో, గుణకం అంతకు మారుతుంది. గాలి ఒత్తిడికైతే 1,013 మిల్లీబార్లను అక్కడి ఒత్తిడితో భాగించి గుణించాలి.

ఈ చిన్న సవరణ ఎంత పెద్దదో అమెరికా సైన్యం అనుభవం చెబుతుంది. సైన్యపు ఎం16 రైఫిల్‌కు మూలమైన ఏఆర్-15 తొలి బ్యారెళ్లు 1:14. 55 గ్రెయిన్ల బుల్లెట్ పొడవు సుమారు 0.74 అంగుళం, వేగం 3,200 అడుగులు అనుకుని మిల్లర్ సూత్రంలో వేస్తే గుణకం సరిగ్గా 1 దగ్గర ఆగుతుంది. మామూలు వాతావరణంలోనే అంచు మీద నడక అన్నమాట. ఆర్కిటిక్ పరీక్షల్లో సున్నాకు దిగువ 54 డిగ్రీల చలిలో అది 0.76కి పడిపోతుంది. ఆ చలిలో బుల్లెట్లు నిలవలేదు. 1963లో ట్విస్ట్‌ను 1:12కి మార్చారు. ఇదే లెక్క 1:12లో మామూలు రోజున 1.36, ఆ చలిలో 1.03 ఇస్తుంది. అవసరానికి సరిపోయేంతే మార్చారు, ఒక్క చుక్క ఎక్కువ కాదు. ఆ పిసినారితనం 1980లలో ఎం16ఏ2 దగ్గర వదిలింది. 62 గ్రెయిన్ల కొత్త బుల్లెట్‌కు 1:9 చాలు. దానితోపాటు వచ్చిన ట్రేసర్ (దారి కనిపించేలా వెలుగుతూ పోయే) బుల్లెట్ బాగా పొడవు కావడంతో బ్యారెల్‌ను నేరుగా 1:7కి తీసుకెళ్లారు. ఈనాడు పౌరులు కొనే చాలా రైఫిళ్ల మీద కనిపించే 1:7 ఆ ట్రేసర్ కోసం పుట్టిందే.

1:9లో 1.38 వచ్చిన 77 గ్రెయిన్ల బుల్లెట్‌ను ఇప్పుడు వేర్వేరు చోట్లకు తీసుకెళ్లి చూడవచ్చు. సముద్రమట్టం దగ్గర సున్నాకు దిగువ 20 డిగ్రీల్లో అది 1.21. దాదాపు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 40 డిగ్రీల ఎండలో 1.6. లేహ్‌లో సున్నాకు దిగువ 15 డిగ్రీల చలి ఉన్నా, 3,500 మీటర్ల ఎత్తులో గాలి పలచబడి 1.9 దాటుతుంది. డెన్వర్‌లో అద్భుతంగా కొట్టిన రైఫిల్ న్యూజెర్సీ తీరానికి మకాం మార్చాక జనవరిలో మొండికేస్తే, రైఫిల్‌కు ఏమీ కాలేదు. మారింది గాలి.

## రెండు అంగుళాల తేడాతో పోయిన మార్కెట్

1955లో రెండు అమెరికన్ కంపెనీలు ఒకే 6 మిల్లీమీటర్ల బోరులో రెండు తూటాలు తెచ్చాయి. వించెస్టర్ .243కు 1:10 పెట్టింది. రెమింగ్టన్ .244ను చిన్న జంతువుల వేటకు తేలిక బుల్లెట్లే వాడతారనుకుని 1:12 పెట్టింది. జింకల వేటగాళ్లు 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలన్నారు. .243 దాన్ని కొట్టింది, .244లో ఆ బుల్లెట్ మీద నమ్మకం కుదరలేదు. రెమింగ్టన్ తర్వాత ట్విస్ట్‌ను 1:9కి మార్చి, 1963లో పేరు కూడా 6ఎంఎం రెమింగ్టన్ అని మార్చింది. తూటాగా .244 దేనికీ తీసిపోదు. అయినా ఇప్పటికీ దుకాణాల్లో దొరికేది .243.

దీని వెనక ఇంకో చిక్కు ఉంది. ఒక తూటాకు ట్విస్ట్ ఒకసారి స్థిరపడితే మార్చడం కష్టం. 1925 నాటి .270 వించెస్టర్‌ను కంపెనీలు 1:10లోనే చేస్తూ వచ్చాయి. లక్షల రైఫిళ్లు 1:10లో ఉంటే, 1:8 కావాల్సిన పొడవాటి బుల్లెట్‌తో ఫ్యాక్టరీ తూటా అమ్మే ధైర్యం ఎవరికీ ఉండదు. అందుకే .270 బుల్లెట్లకున్న అదే 0.277 అంగుళం వ్యాసంలో 2021లో 6.8 వెస్టర్న్ అని కొత్త తూటా పెట్టి, 1:8, 1:7.5 బ్యారెళ్లతో 165, 175 గ్రెయిన్ల బుల్లెట్లు తెచ్చారు. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ మొదటి నుంచీ 1:8 కావడం దాని విజయానికి ఒక కారణం. 2022లో వచ్చిన 7 పీఆర్‌సీ కూడా 1:8, 2024లో వచ్చిన .22 ఏఆర్‌సీ 1:7. కొత్త తూటాల ప్రచారంలో పౌడర్, కేసు ఆకారం గురించి ఎంత చెప్పినా, చాలావాటిలో అసలు కొత్తదనం ట్విస్టే.

## ఫాస్ట్ ట్విస్ట్‌కు కట్టే మూల్యం

అలాంటప్పుడు అన్ని బ్యారెళ్లూ 1:7 చేస్తే సరిపోదా అన్నది న్యాయమైన ప్రశ్నే.

మొదటి నష్టం బుల్లెట్ లోపాలు పెద్దవి కావడం. ఏ బుల్లెట్‌కూ బరువు సరిగ్గా నడిమధ్యన ఉండదు. ఆ కేంద్రం అంగుళంలో పదివేలోవంతు పక్కకు ఉందనుకుంటే, బ్యారెల్ విడిచిన క్షణాన బుల్లెట్ ఆ మేరకు పక్కకు విసురుతుంది. వంద గజాల్లో ఆ విసురు 1:12లో 0.19 అంగుళం, 1:8లో 0.28, 1:7లో 0.32. వంద, రెండు వందల గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే) పోటీల్లో ఇది గెలుపును మింగేస్తుంది కాబట్టి వాళ్లు 68 గ్రెయిన్ల పొట్టి ఫ్లాట్‌బేస్ (అడుగు చదునైన) బుల్లెట్లకు 1:13.5, 1:14 బ్యారెళ్లు వాడతారు. లాంగ్ రేంజ్‌లో 1:8కి 1:7కి మధ్య ఉన్న 0.04 అంగుళం తేడా గాలి అంచనా తప్పుల ముందు లెక్కలోకే రాదు.

రెండోది పల్చటి తొడుగు బుల్లెట్లు గాల్లోనే పేలిపోవడం. 40 గ్రెయిన్ల వార్మింట్ (చిన్న జంతువుల వేట) బుల్లెట్‌ను 1:7లో 3,700 అడుగుల వేగంతో కాలిస్తే నిమిషానికి 3,80,000 చుట్లు. అలాంటప్పుడు తొడుగు చిరిగి, కాగితం మీద రంధ్రమే పడదు. దారిలో ఒక బూడిదరంగు పొగ మరక కనిపిస్తుంది. అదే బుల్లెట్‌కు 1:12లో 2,22,000 చుట్లే. మందమైన తొడుగున్న మ్యాచ్ బుల్లెట్లకు ఈ బెడద అరుదు. అరిగి గరుకెక్కిన బ్యారెల్‌లో మాత్రం వాటికీ వస్తుంది.

మూడోది స్పిన్ డ్రిఫ్ట్, అంటే కుడి ట్విస్ట్ బ్యారెల్ నుంచి బుల్లెట్ కుడికి జరగడం. 1,000 గజాలకు 1.7 సెకన్లు పట్టే బుల్లెట్‌కు లిట్జ్ సూత్రం ప్రకారం గుణకం 1.5 అయితే దాదాపు 9 అంగుళాలు, 2 అయితే పదిన్నర. తేడా అంగుళంన్నర, అదీ ప్రతిసారీ ఒకేలా వస్తుంది. బుల్లెట్ దారిని లెక్కించే యాప్‌లో ట్విస్ట్ సరిగ్గా నింపితే అదే చూసుకుంటుంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తక్కెడ ఎటు మొగ్గుతుందో స్పష్టం. దూరానికి కొనే బ్యారెల్‌లో అనుమానం ఉంటే ఒక మెట్టు ఫాస్ట్‌గానే తీసుకోవడం మేలు.

## ట్విస్ట్ మీద మోపే నేరాలు

.308 తూటాలో 168 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్ 600 గజాల దాకా ముద్దుగా కొట్టి, 900, 1,000 గజాల దగ్గర చెదిరిపోవడం చాలామంది చూసిందే. ట్విస్ట్ చాలలేదని బ్యారెల్ మార్చినవారూ ఉన్నారు. నేరం ట్విస్ట్‌ది కాదు. దూరం పోయేకొద్దీ బుల్లెట్ వేగం త్వరగా తగ్గుతుంది, తిరుగుడు మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. అందువల్ల స్థిరత్వ గుణకం దారి పొడవునా పెరుగుతూనే ఉంటుంది. బ్యారెల్ మూతి దగ్గర నిలిచిన బుల్లెట్ ట్విస్ట్ లోపంతో దూరాన పడిపోదు.

అక్కడ జరిగేది వేరు. వేగం ధ్వనివేగానికి దగ్గరపడేటప్పుడు గాలి నెట్టుడు చోటు మారుతుంది, చిన్న ఊగుడు అణగకుండా పెరుగుతుంది. 300 మీటర్ల పోటీల కోసం రూపొందిన 168 గ్రెయిన్ల బుల్లెట్ తోక కోణం 13 డిగ్రీలు. ఆ కోణం ఈ దశను సరిగ్గా దాటలేదు. 175 గ్రెయిన్లదానికి తోక 9 డిగ్రీలు, అందుకే అమెరికా సైన్యం ఎం118ఎల్ఆర్ తూటాలో దాన్ని పెట్టింది. దీనికి విరుగుడు బుల్లెట్‌ను మార్చడమే, బ్యారెల్‌ను కాదు.

## ఉన్న బ్యారెల్‌ను కొలిచి పరీక్షించడం

బ్యారెల్ మీద చెక్కిన అంకెను నమ్మి ఊరుకోకూడదు. 1:9 అని ఉన్నది కొలిస్తే 9.2 రావచ్చు. అంచు మీద ఉన్న బుల్లెట్‌కు అంత తేడా చాలు.

చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని చూసి బోల్ట్ తీసేయాలి. పిడిలో బేరింగ్ ఉండి కడ్డీ స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ కావాలి. రాడ్ చివర ఉండే జాగ్‌కు గట్టిగా పట్టే ప్యాచ్ (గుడ్డముక్క) తొడిగి, చాంబర్ వైపు నుంచి రెండు మూడు అంగుళాలు లోపలికి నెట్టాలి. అప్పుడు రాడ్ మీద పైవైపున ఒక గుర్తు, చాంబర్ వెనక అంచుకు సమానంగా టేపుతో మరో గుర్తు పెట్టాలి. మెల్లగా నెడుతూ పోతే పై గుర్తు ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వస్తుంది. అక్కడ ఆగి, టేపు ఎంత లోపలికి పోయిందో కొలవాలి. ప్యాచ్ వదులైతే గాడుల మీద జారి ట్విస్ట్ ఉన్నదానికంటే స్లోగా కనిపిస్తుంది. మూడుసార్లు కొలిచి, మూడూ దగ్గరగా వస్తేనే నమ్మాలి.

బుల్లెట్ పొడవు కేటలాగ్‌లో దొరక్కపోతే కాలిపర్‌తో అయిదు బుల్లెట్లు కొలిచి సగటు తీయవచ్చు. తూటా మొత్తం పొడవు కాదు, విడి బుల్లెట్ పొడవు. ఆ గందరగోళం తరచూ జరిగేదే.

కాల్చి చూసేటప్పుడు పెద్ద కాగితాలు 50 గజాల్లో, 100 గజాల్లో పెట్టి అయిదేసి గుండ్లు వేయాలి. రంధ్రం చుట్టూ బూడిదరంగు వలయం అన్ని వైపులా సమానంగా ఉంటే బుల్లెట్ నేరుగా వెళ్లినట్టు. వలయం ఒక పక్క మందంగా, రంధ్రం కోలగా ఉంటే బుల్లెట్ ఒరిగింది. తాళంచెవి రంధ్రంలా చీలితే పల్టీ కొట్టేసింది. అయితే గుండ్రటి రంధ్రం గుణకం 1 దాటిందని మాత్రమే చెబుతుంది, 1.5 ఉందని చెప్పదు. ఆ తేడా తెలియాలంటే వేగం రాడార్‌తో సరిగ్గా కొలిచి, 800 గజాలకు మించి కాల్చాలి. అక్కడ యాప్ చెప్పినదానికన్నా బుల్లెట్ నిలకడగా కిందే పడుతుంటే ట్విస్ట్‌ను అనుమానించాలి.

సప్రెసర్ (మూతికి తగిలించే, మోత తగ్గించే గొట్టం) వాడేవారు కొత్త బుల్లెట్‌ను ముందు అది తీసేసి కాల్చి చూడాలి. మూతి దాటగానే ఒరిగే బుల్లెట్ సప్రెసర్ లోపలి పలకలను తాకి దాన్ని పగలగొడుతుంది.

## ఏ బోరుకు ఎంత

.224లో 55 గ్రెయిన్ల దాకా 1:12 సరిపోతుంది. 69 గ్రెయిన్ల మ్యాచ్‌కింగ్‌కు 1:9లోనూ దాదాపు 1.65 వస్తుంది. 77, 80 అంటే 1:8, అంతకు మించితే 1:7. 6 మిల్లీమీటర్లలో 105 నుంచి 110 గ్రెయిన్ల బుల్లెట్లకు 1:8 లేదా 1:7.5. 6.5లో 140, 147 రెండూ 1:8లో 1.5 పైనే ఉంటాయి. .308లో 155 గ్రెయిన్ల పామా (లాంగ్ రేంజ్ పోటీ) బుల్లెట్‌కు 1:13 చాలు. 175కు 1:12లో 2,600 అడుగుల వేగం దగ్గర కూడా 1.67 వస్తుంది. 200 దాటితేనే 1:10 తప్పనిసరి. కాబట్టి పాత 1:12 .308 చేతిలో ఉంటే దాన్ని మార్చే తొందర అక్కర్లేదు.

ఆ నిశ్చింత సీసం బుల్లెట్ల వరకే. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం తూటాలు వాడకూడదు. అక్కడి వేటగాళ్లు రాగి బుల్లెట్లకు మారారు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. బరువు తగ్గకూడదంటే పొడవు పెరగాల్సిందే. 1.24 అంగుళాలున్న 175 గ్రెయిన్ల బుల్లెట్ స్థానంలో అదే బరువున్న రాగి బుల్లెట్ 1.45 అంగుళాలు ఉందనుకుంటే, 1:12లో 1.67 కాస్తా 1.06కి దిగుతుంది. 1:10 బ్యారెల్‌లో 1.53 వస్తుంది. బ్యారెల్ మార్చని వేటగాడికి ఉన్న దారి బరువు తగ్గించుకోవడమే: 175 బదులు 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్ ఎంచుకుంటే పొడవు మళ్లీ 1:12 భరించగలిగే హద్దులోకి వస్తుంది, వేగమూ పెరుగుతుంది.